గోరువెచ్చటి నీళ్ళు

మా దీవిలోని జంగ్లీఘాట్ పేటలో పుట్టిన బిడ్డలకీ, పోయిన ఆడవాళ్ళకీ ఒక్క మనిషే నీళ్ళు పోసేది. అందరం ఆవిణ్ణి అప్ప అనేవాళ్ళం. ఎవరికైనా గోరువెచ్చటి నీళ్ళే కావాలనేది, మోచెయ్యి ముంచి చూసుకునేది. సబ్బు రాసేముందు, "కళ్ళు మూసుకోయే తల్లీ, సబ్బు మండుద్ది" అనేది.

మా అత్త పోయినప్పుడు ఆవిడ కళ్ళు తెరుచుకునే ఉన్నాయి. మా ఆయన ఎన్నిసార్లు రెప్పలు దించినా మళ్ళీ తెరుచుకున్నాయి. కుళాయి మూడు రోజులకోసారి వచ్చే రోజులవి. నీళ్ళు మోసి, కాచి, విసుగెత్తిపోయి అడిగాను.

"చచ్చిన మనిషికి వేడినీళ్ళేటప్పా?"

"మీ అత్తకి సలేసేది ఇప్పుడే కదా, బేటీ."

అత్త కాళ్ళు తోముతూనే అప్ప ఎప్పుడూ అనే ఆ సబ్బు మాట అంది. నేను చెంబు ముంచి తలెత్తేసరికి అత్త కళ్ళు మూసుకుని ఉన్నాయి. అప్ప చేతులింకా పాదాల దగ్గరే ఉన్నాయి.

మొన్న అప్పే పోయింది. పోసేవాళ్ళెవరూ లేక నేనే కూర్చున్నాను. మోచెయ్యి ముంచి నీళ్ళు చూసుకున్నాను. ఆవిడ కళ్ళూ తెరుచుకునే ఉన్నాయి. నలుగురిలో ఆ మాట అనడానికి నాకు సిగ్గేసింది. ఊరికే సబ్బు చేతిలోకి తీసుకున్నాను, అంతే.

అప్ప చంటిపిల్లలా కళ్ళు గట్టిగా మూసుకుంది.