మా అత్తగారు ఊళ్లో లేరండి

ఆ రోజుల్లో మా ఊళ్లో ఖాకీ చొక్కా కనబడితే అందరి నోటా ఒకటే మాట: "ఊళ్లో లేరండి." ఎవరి కోసం వచ్చారు, ఎందుకు వచ్చారు అని అడిగేది లేదు. కోడిపందేల కేసయినా, గట్టు తగాదా అయినా, ముందు ఆ మనిషి లేడని చెప్పి, తర్వాత సంగతి కనుక్కునేవాళ్లం. (దొంగలెత్తుకుపోయిన మా చినమామగారి సైకిలు దొరికిందని చెప్పడానికి వచ్చినప్పుడు కూడా అట్లాగే చెప్పారు. ఆ సైకిలు ఆరు నెలలు స్టేషన్లోనే తుప్పు పట్టింది.) కాపురానికి వచ్చిన కొత్తల్లోనే ఈ పద్ధతి నాకూ ఒంటబట్టింది. ఐదో తరగతితో బడి మానేసినదాన్నే గానీ, ఒకసారి నేర్చుకున్నది మర్చిపోయే అలవాటు నాకు లేదు.

మా అత్తగారు పుట్టింది రంగూన్లో. పన్నెండేళ్లప్పుడు అమ్మానాన్నల వెంట ఓడెక్కి వచ్చారు. ఇక్కడే పెళ్లయి, పిల్లలు పుట్టి, మిరప చేలల్లో ముప్ఫై ఏళ్లు నడుం వంచినా, కాగితాలు మాత్రం ఆ దేశానివే. సర్కారు దృష్టిలో ఆవిడ చుట్టపుచూపుగా వచ్చిన మనిషి. అందుకని ఏడాదికోసారి ఒంగోలు వెళ్లి, ఇంకో ఏడాది ఉండటానికి ముద్ర వేయించుకురావాలి. ఆ రోజు పట్టుచీర కట్టి, పెరుగన్నం మూట కట్టుకుని, మాకు అప్పగింతలు కూడా పెట్టేవారు ("నేను రాకపోతే గేదెకి కుడితి మర్చిపోవద్దే"). సాయంత్రం బస్సు దిగేటప్పుడు చేతిలో బాదుషాల పొట్లం ఉంటే ముద్ర పడినట్టు.

ఆ ఏడు పొట్లం లేకుండా దిగారు. "ఇట్టా ఎన్నాళ్లు తిరుగుతావమ్మా, పౌరసత్వానికి అర్జీ పెట్టుకో అన్నాడే ఆ గుమస్తా. పెట్టేసి వచ్చా. విచారణకి మనిషొస్తాడంట. అందులో తేడా వస్తే మీ దేశం పొమ్మంటారంట. అక్కడ నాకు గుక్కెడు నీళ్లిచ్చే దిక్కెవరున్నారే?" అన్నారు. విచారణ సంగతి నా చెవిలోంచి అట్లాగే బయటికి పోయింది. మీ దేశం పొమ్మంటారన్న మాట ఒక్కటే గుండెల్లో కూర్చుంది.

ఇక్కడ గోడపిన్ని సంగతి చెప్పాలి. మా ఇంటికీ ఆవిడ ఇంటికీ మధ్య ఒకటే గోడ. మా అంట్లు తోమిన నీళ్లు ఆ గోడ కిందుగా వాళ్ల పెరట్లోకి పోతాయని తగువు. ఇరవై ఏళ్లుగా ఇద్దరికీ మాటల్లేవు. చెప్పదలుచుకున్నది ఇటువైపు మా అత్తగారు కోడికీ, అటువైపు ఆవిడ గేదెకీ చెప్పేవారు.

మావారు గుంటూరు యార్డుకి మిరపకాయలు వేసుకుపోయిన రోజు, నేనూ అత్తగారూ కల్లంలో తాలుకాయలు ఏరుతుంటే దూరంగా స్కూటరు, దాని మీద పోలీసు హెడ్డుగారు. అత్తగారిని ఓడ ఎక్కించడానికే వచ్చాడనుకున్నాను. ఆవిడని రెక్క పట్టి బస్తాల వెనక్కి నెట్టి, పైన గోనెపట్టా కప్పేశాను. ఆయన అప్పటికే టీకొట్టు దగ్గరా రచ్చబండ దగ్గరా అడిగి వచ్చాడు. అందరూ లేదనే చెప్పారట.

"రంగూన్లో పుట్టినావిడ, ఈ ఇల్లేనా?"

"లేరండి. ఎప్పుడూ లేరండి."

అంతలో బస్తాల వెనకనుంచి తుమ్ము.

"ఎవరమ్మా అది?"

"దూడండి."

"దూడ తుమ్ముద్దా?"

"మిరప ఘాటుకి దేవుడైనా తుమ్ముతాడండి."

ఆయన నిట్టూర్చి పుస్తకం తీశాడు. "సరే, ఆ పేరు గల మనిషి ఈ ఊళ్లో కాపురం లేదని రాసేస్తన్నా. పాపం, ఎన్నేళ్లుగానో ఇక్కడే ఉంటందని నలుగురు చెబితే చాలు, పౌరసత్వం వచ్చేదే."

ఆయన పుస్తకానికి చెయ్యి అడ్డం పెట్టాను. "ఉన్నారండి" అన్నాను. గోనెపట్టా పక్కకి నెట్టి, జుట్టు నిండా మిరప తొడిమలతో, కళ్లు చింతనిప్పుల్లా అత్తగారు లేచారు. హెడ్డుగారు కాగితం మీది ఫొటోనీ ఆవిడనీ మార్చి మార్చి చూశాడు. "దూడ ఈవిడేలే. కానీ ముప్ఫై ఏళ్లుగా ఇక్కడే ఉందని చెప్పేదెవరు?" అప్పటికి సంగతి తెలిసి ఊరంతా కల్లంలోకి వచ్చి, ఉందండి, ఉందండి అంటోంది. ఆయన వినలేదు. "గంట కిందట లేదన్న నోళ్లే గదయ్యా ఇవి. మీలో ఎవర్ని నమ్మమంటారు?"

అప్పుడు వచ్చింది గోడపిన్ని, జనాన్ని తోసుకుంటూ.

"ఎవరయ్యా లేదన్నది? అది లేకపోతే ముప్ఫై ఏళ్లుగా నా పెరట్లోకి నీళ్లొదిలేది ఎవరంట? మా పెద్దదాని సమర్తకి గంగాళం తీసుకుపోయి సొట్ట పెట్టి తెచ్చింది. నాకు తెలవదనుకుని ఆ రంగూన్ భాషలో తిడతది. ఇన్నేళ్లు విన్నాక తెలవకుండా ఉంటదా? పెద్ద తుఫాను ఏడు మా ఇల్లు పడిపోతే..." అక్కడ ఆవిడ గొంతు కొంచెం తగ్గింది. "నా పిల్లలు నలుగుర్నీ తన మంచం మీద పడుకోబెట్టి, అది రోలు మీద కూర్చుంది. అంతమాత్రాన నీళ్ల సంగతి వదులుతానా? అదీ రాసుకో."

హెడ్డుగారు అన్నీ రాసుకున్నాడు. గంగాళం సొట్టతో సహా. వేలిముద్ర తీసుకుంటూ, "నీ అంత వివరంగా చెప్పిన సాక్షిని ఇంతవరకు చూడలేదమ్మా" అన్నాడు.

పౌరసత్వం రావడానికి ఏడాదిన్నర పట్టింది. కలెక్టరాఫీసులో ప్రమాణం చేసి, ఆ సాయంత్రం మా అత్తగారు రెండు పొట్లాలతో బస్సు దిగారు. ఒకటి గోడ మీద పెట్టి కోడితో, "ఒసే కోడీ, రేపట్నుంచి నీళ్లు ఇటు వదలనని చెప్పవే" అన్నారు. కాసేపటికి పొట్లం అటుపక్కకి దిగింది. అవతలి వైపు నుంచి గేదెకి జవాబు: "ఒసే గేదే, వదలమనవే. ఇప్పుడు ఈ దేశం మనిషేగా."

ఇప్పుడు ఆ ఇద్దరూ లేరు. వీధిలో సిమెంటు కాలవ వచ్చింది, నీళ్లు ఎవరి పెరట్లోకీ పోవు. ఎవరి పాస్‌పోర్టు కోసమైనా పోలీసు వస్తే, కుర్చీ వేసి మజ్జిగిచ్చి, ఆ మనిషి గురించి అడగని సంగతులు కూడా నేనే చెబుతాను. కానీ స్కూటరు చప్పుడు వినబడగానే, ఈ వయసులోనూ, నోట్లోకి ముందు వచ్చేది ఆ పాత మాటే. దాన్ని మింగేసి, ఆ రోజు అత్తగారి మీద గోనెపట్టా కప్పిన పిల్లను తలుచుకుని, నవ్వుకుంటూ లేచి తలుపు తీస్తాను.