తిమ్మిరి చేతుల సాక్ష్యం

నాకు టీ సగం గ్లాసే పొయ్యండి. ఎందుకో చివర్లో మీకే తెలుస్తుంది. ముందు మొన్న ఆదివారం చర్చిలో నేను చేసిన ఘనకార్యం వినండి.

చండ్రుగొండలో జాకెట్లు కుట్టడం నా పని. కొన్ని నెలలుగా రెండు చేతులూ ఒకటే తిమ్మిర్లు. నిద్రలో లేచి కూర్చుని విదిలిస్తే గానీ వేళ్లు నావే అనిపించవు. ఎస్టీడీ బూతులో ఫోన్ పట్టుకున్నా అంతే. ఖమ్మంలో డాక్టరుకు చూపించుకుంటే, రెండు చేతుల వెనకవైపులూ ఒకదానికొకటి ఆనించి, వేళ్లు కిందికి వేలాడేసి ఉంచమన్నాడు. తలకిందుల నమస్కారం అన్నమాట. "మేం గిట్ల ప్రార్థన చెయ్యం సార్" అన్నాను. ఆయన నవ్వలేదు. నిమిషం కాకముందే వేళ్లు జివ్వుమన్నాయి. కార్పల్ టన్నెల్ అట. మణికట్టులో ఉండే ఇరుకు దారిలో నరం నలుగుతోందట. రాత్రిళ్లు మణికట్టు వంగకుండా పట్టీలు కట్టుకోవాలి, కత్తెర పని తగ్గించాలి, చేతులకు రెస్టు ఇవ్వాలి. అప్పటికీ తగ్గకపోతే ఇంజెక్షన్, ఆ తర్వాత ఆపరేషన్.

రెస్టా? పాస్టరమ్మ గారి కూతురి పెళ్లి జాకెట్లన్నీ నా దగ్గరే ఉన్నాయి. నా చేతుల సంగతి బయటపడితే ఆ మూట మొత్తం వెనక వీధి సుశీల మిషను మీదికి పోతుంది. ప్రాణమైనా ఇస్తాను గానీ సుశీలకు ఆర్డరు ఇవ్వను. అందుకే మా ఆయనకు తప్ప ఎవరికీ చెప్పలేదు.

ఆదివారం పాస్టరు గారు ప్రార్థన మొదలుపెట్టారు. ఆయన ప్రార్థన మధిరలో రైలెక్కితే బెజవాడలో దిగేదాకా సాగుతుంది. చేతులెత్తమన్నారు, ఎత్తాను. కాసేపటికి రెండూ మొద్దుబారిపోయాయి. అందరూ కళ్లు మూసుకున్నారు కదా అని, తడి చేతులు దులిపినట్టు గట్టిగా విదిలించాను. పక్కనున్న ముసలమ్మ ఒక కన్ను తెరిచే ఉంచిందని నాకేం తెలుసు. దేవుని ఆత్మ తాకిందని కేకేసి తనూ విదిలించింది. చూస్తుండగానే ఆడవాళ్ల వైపంతా చేతులు విదిలించుడే.

పాస్టరు గారి ముఖం వెలిగిపోయింది. నన్ను ముందుకు పిలిచి, సాక్ష్యం చెప్పమని మైకు చేతికిచ్చారు. నిజం చెబితే ఆర్డరు పోతుంది. అబద్ధం చెబుదామంటే నిలబడింది చర్చిలో.

"నా చేతులు మొద్దుబారినయ్. ఇప్పుడు స్పర్శ వచ్చింది" అన్నాను.

అక్షరాలా నిజమే కదా. జనం మాత్రం స్వస్థత జరిగిందని చప్పట్లే చప్పట్లు.

ఆ సాయంత్రం పట్టీలు కట్టుకుంటుంటే తలుపు చప్పుడైంది. చూస్తే సుశీల. చేతులు కొంగు కింద దాచేశాను. ఆర్డరుకే ఎసరు పెట్టడానికి వచ్చిందనుకున్నాను. తీరా ఆమె కళ్లనిండా నీళ్లు.

"అక్కా, నా చేతులు గూడ రాత్రయితే సచ్చుబడిపోతున్నయ్. సూది నిలుస్తలేదు. పని పోతదని ఎవరికీ చెప్పలే. నీ చేతులు పెట్టి జర ప్రార్థన చెయ్యి."

నా మీద నాకే ఒళ్లు మండింది. కొంగు తీసి చూపించాను. కాసేపు పట్టీల వంక, కాసేపు నా వంక చూసింది.

"మరి పొద్దుగాల తగ్గిందంటివి?"

"విదిలిస్తే ఆ కాసేపు తగ్గుతది. ఖమ్మం పోవాలె, పా" అని ఒక పట్టీ విప్పి ఆమె చేతికి కట్టాను. ఆ ఊపులోనే పెళ్లి మూట కూడా ముందుకు తోసి, సగం నువ్వు కుట్టు అన్నాను. పని పంచుకున్న సంగతి పాస్టరమ్మ గారికి చెబితే, పెళ్లినాటికి జాకెట్లు అందితే చాలన్నారు. ఈపాటి దానికా ఇన్నాళ్లు దాచాను!

అక్కడితో అయిపోతే బాగుండేది. అక్క చెయ్యి వేయగానే హాయిగా నిద్రపట్టిందని సుశీల వీధంతా చెప్పింది. పట్టీ సంగతి మాత్రం మింగేసింది. ఆమెకూ వేరే ఆర్డర్లున్నాయి మరి. ఇప్పుడు మిరపకాయల తొడిమలు తీసేవాళ్లు, పత్తి ఏరేవాళ్లు, అందరూ మా గుమ్మం ముందే. ప్రార్థన చేసి, ఖమ్మం బస్సు టైము చెప్పి పంపుతున్నాను.

ఊరందరికీ నయం చేసే చేతులివి. ఈ గ్లాసు ఎంత గట్టిగా పట్టుకున్నానో చూడండి... అయ్యో.

ఆ గుడ్డ ఇటు అందుకోండి. సగమే పొయ్యమన్నానా లేదా?