అందరికీ ఒకే అయిదు

ఆ ఆదివారం మధ్యాహ్నం కాటాల మెకానిక్ తన షాపులో నాలుగు పాచికల్ని నగలు తూచే కాటా మీద ఒక్కొక్కటిగా పెట్టి చూపించాడు. నాలుగూ ఒకే బరువు. ఎదురుగా కూర్చున్న నలుగురిలో ఒక్కరూ నమ్మలేదు.

ఏడేళ్లుగా అక్కడ ఆదివారాలు సాహసాల ఆట నడుస్తోంది. ఆడేవాళ్లు తలా ఒక కల్పిత వీరుణ్ణి ఆడిస్తారు, కథ మెకానిక్ నడుపుతాడు. ముందుగా ప్రతి వీరుడికీ ఆరు గుణాల్లో మార్కులు పడాలి: బలం, చురుకు, ఓర్పు, తెలివి, వివేకం, మాటకారితనం. కిందటి ఆట ఈ మార్కుల దగ్గరే చెడింది. మెకానిక్ బావ ఇంట్లో పాచికలు వేసుకుని కాగితం నింపుకొచ్చాడు. పద్దెనిమిదికి మించి పడని ఆటలో మూడు పద్దెనిమిదులు. ఇద్దరు లేచి వెళ్లిపోయారు, మళ్లీ రాలేదు. ఇంకొక్కరు లేచినా ఆట మూసెయ్యాల్సిందే, ముగ్గురితో నడవదు. మిగతా ఆరు రోజులూ మెకానిక్‌కి కాటాలే తోడు.

"ఇవాళ అందరికీ అవే ఆరు అంకెలు," అన్నాడు. "తలా ఒకటి వెయ్యండి, మిగతా రెండు నేను వేస్తా. ఏ అంకె ఏ గుణానికన్నది మీ ఇష్టం. ఇంటినుంచి తెచ్చిన కాగితాలు చెల్లవు."

"అందరూ నన్నెందుకు చూస్తున్నారు?" అన్నాడు బావ.

"మొహం బాగుందని," అంది లెక్కల టీచరు.

నాలుగు పాచికలు వేసి, తక్కువది తీసేసి, మిగతా మూడూ కూడాలి. మెకానిక్‌కి పదమూడు, పన్నెండు వచ్చాయి. అతని అక్కకి పదిహేను, టీచరుకి పద్నాలుగు, అంబులెన్స్ డ్రైవరుకి పదకొండు. బావ గుప్పిట్లో చాలాసేపు ఆడించి వేశాడు. రెండు, రెండు, ఒకటి, ఒకటి. మొత్తం అయిదు.

"ఇంట్లో పద్దెనిమిదులు వేసిన చెయ్యే కదా అది?" అన్నాడు డ్రైవరు.

"మీ తమ్ముడి పాచికలే సరిగా లేవు," అని బావ భార్య మీదికి తిరిగాడు.

"మా తమ్ముణ్ణి అనకండి. మీ చేతి మహిమకి ఆ అయిదు నేనూ మొయ్యాలి. పెళ్లయినప్పట్నుంచీ ఇదే వరస."

బావ లేచి చెప్పుల్లో కాళ్లు పెట్టాడు. మెకానిక్ కాటా వైపు చూస్తూ ఉండిపోయాడు.

"వెళ్లండి," అంది టీచరు. "పోతూ పోతూ మీ అయిదు కూడా పట్టుకుపొండి."

బావ మళ్లీ కూర్చున్నాడు. ఆవిడకి ఆ సంతోషం దక్కనివ్వదలుచుకోలేదు.

తర్వాత ఎవరూ ఎవరితోనూ మాట్లాడలేదు. చెయ్యి అడ్డం పెట్టుకుని ఎవరి కాగితం వాళ్లు నింపుకున్నారు. కథ ఒక కోట గేటు దగ్గర మొదలైంది. కాపలావాణ్ణి మాటలతో ఒప్పించాలి. అందుకు ఇరవై ముఖాల పాచిక వేస్తే, పడింది మాటకారితనం మార్కుని మించకూడదు.

"ఎవరు మాట్లాడతారు?" అన్నాడు మెకానిక్.

నలుగురూ పక్కవాళ్లని చూశారు. అతను కాగితాలు లాక్కుని చదివాడు. మాటకారితనం: అయిదు, అయిదు, అయిదు, అయిదు. మాట్లాడే పని ఇంకెవరో చూసుకుంటారులే అని ప్రతివాళ్లూ అనుకున్నారు. అడగడానికి మాత్రం ఎవరికీ నోరు రాలేదు.

అయినా వేశారు. టీచరుకి పదకొండు, డ్రైవరుకి పంతొమ్మిది, అక్కకి ఏడు. బావకి ఆరు.

"ఆ ఒక్కటీ తగ్గించలేకపోయారు," అంది అక్క.

తర్వాతి ఆదివారం నలుగురూ పది నిమిషాలు ముందే వచ్చారు. కాపలావాడు ఇంకా గేటు తియ్యలేదు.