మూడు ఓడల్లో రెండోది

కొన్నేళ్ళుగా ఒక మంచి పేరును మోస్తున్నాను. అది నాది కాదు. ఆత్మకూరులో నన్ను ఎరిగిన ఎవరిని అడిగినా, "ఆయన కఠినుడే గాని పక్షపాతం లేని మనిషి" అంటారు. ఆ మాట నా ముందే అన్నప్పుడు నేను తల కొద్దిగా వంచి ఊరుకుంటాను. అది వినయమని వారు అనుకుంటారు. వారి కళ్ళలోకి చూడలేక అలా చేస్తానని ఎవరికీ తెలియదు. మీకు చెబుతున్నాను, ఎందుకంటే మీరు నన్ను ఎరుగరు.

ఉదయగిరిలో ఇంగ్లీషు ఉపాధ్యాయుడిగా చాలాకాలం పనిచేశాను. ఆత్మకూరులో ప్రధానోపాధ్యాయుడిగా పదవీ విరమణ పొందాను. మార్కుల విషయంలో నాకొక నియమం ఉండేది. పూర్తి మార్కులు మనిషికి పొగరు తెస్తాయి, కాబట్టి ఎవరికీ వేయరాదు. నా చేతి మీదుగా నూటికి అరవై వచ్చిన పిల్లవాడు వీధిలో తలెత్తుకుని నడిచేవాడు. ఇది న్యాయమని నమ్మాను. ఇప్పుడు ఆ నమ్మకాన్ని కూడా అనుమానించవలసి వస్తున్నది.

విశ్రాంత జీవితంలో నేను, నా భార్య, నాతో కలిసి పనిచేసిన సైన్సు మాస్టారు రమణారెడ్డి, ఆయన భార్య కలిసి మూడుసార్లు సముద్ర విహారానికి వెళ్ళాము. మొదటి ఓడ చెన్నై నుంచి, రెండోది సింగపూరు నుంచి, మూడోది ముంబయి నుంచి. మూడూ వేరువేరు సంస్థలవి. మా ప్రాంతంలో అప్పటికి ఇలాంటి ప్రయాణాలు చేసినవారు అరుదు. అందుచేత విశ్రాంత ఉద్యోగుల సంఘంలో నన్ను మాట్లాడమన్నారు. తిండి, సేవ, పెట్టిన ఖర్చుకు దక్కిన సుఖం అని మూడు భాగాలుగా విడగొట్టి, పాఠం చెప్పినట్టు చెప్పాను. మొదటి ఓడ ఉత్తమం, మూడోది మధ్యమం, రెండోది అధమం అని తీర్పిచ్చాను. ఆనాటి నుంచి క్రూజుకు వెళ్ళదలచినవారు నన్ను అడగకుండా టికెట్టు కొనరు. అనంతసాగరం నుంచి, జలదంకి నుంచి కూడా వచ్చి అడుగుతారు. అందరికీ అదే చెబుతున్నాను.

అది అబద్ధం.

మొదటి ఓడలో భోజనం కోసం పళ్ళెం పట్టుకుని వరుసలో నిలబడాలి. మన వంతు వచ్చేసరికి సాంబారు చల్లారిపోయేది. పెరుగు పులిసిపోయి ఉండేది. తాగే నీటి సీసాకు కూడా వేరే వసూలు చేశారు. ఏదైనా అడిగితే వినబడనట్టు పక్కకు వెళ్ళిపోయేవారు. కానీ అక్కడి మేనేజరు నన్ను "ప్రొఫెసర్ గారూ" అని పిలిచి, నాట్యప్రదర్శనలో ముందు వరుసలో కూర్చోబెట్టాడు. దిగేరోజు అభిప్రాయం అడిగితే పదికి పది అన్నాను. ఎవరికీ పూర్తి మార్కులు వేయని నేను. నియమం ఆ రోజు ఎక్కడికి పోయింది? మూడో ఓడలో అంతా అద్దంలా శుభ్రంగా ఉండేది, అయితే ప్రతి చిరునవ్వు వెనుక ఏదో ఒకటి అమ్మకానికి ఉండేది. ఇక రెండోది. నా జీవితంలో పరాయి చోట తిన్న అన్నంలో అంత ఆదరంగా పెట్టిన అన్నం మరొకటి లేదు.

ఆ ఓడలో రాత్రి భోజనానికి ఎవరి బల్ల వారికి కేటాయించేవారు. దిగేదాకా అదే బల్ల, వడ్డించేవాడూ ఒకడే. మొదటి సాయంత్రం మా బల్ల దగ్గరికి నల్లకోటు వేసుకున్న యువకుడు వచ్చాడు. ఇంగ్లీషులో స్వాగతం చెప్పబోయి, నా ముఖం చూసి ఆగిపోయాడు.

"సార్, నేను సార్. మస్తాన్ని. ఉదయగిరి. కడపటి బెంచీ."

నాకు గుర్తురాలేదు. గుర్తున్నట్టు తల ఊపాను. అతనికి పట్టరాని సంతోషం. నీళ్ళు పోస్తూనే మా వాళ్ళందరికీ చెప్పడం మొదలుపెట్టాడు.

"సార్ నన్నేమని పిలిచేవాళ్ళో తెల్సా? ఒరే ఎంగిలి ప్లేట్లు ఎత్తేవాడా, అని. పేరు పెట్టి పిలిచింది హాజరుకి మాత్రమే. చూడండి, సార్ వాక్కు తప్పలా. సముద్రం మీద గూడా ఎంగిలి ప్లేట్లే ఎత్తతా ఉండాను."

అందరూ నవ్వారు. నా భార్య కూడా నవ్వింది. అతనే అందరికంటే ఎక్కువ నవ్వాడు. ఆ నవ్వులో విషం లేదు. నేను వెతికాను, లేదు. ఉండి ఉంటే బాగుండేదేమో, కోపగించుకోవడానికి నాకొక కారణం దొరికేది. ఆ మాట నేను ఎందరు పిల్లలను అన్నానో నాకే తెలియదు. ఎవరిని అన్నానో గుర్తులేనంత సులువుగా అనేవాడిని. రమణారెడ్డి ఆ రాత్రి నుంచి నన్ను "వాక్సిద్ధి గారూ" అని పిలవసాగాడు. "వాక్సిద్ధి గారూ, రేపు వాన పడతదా?" "వాక్సిద్ధి గారూ, మా అల్లుడికి ప్రమోషనొస్తదా?" పైకి చిరునవ్వుతో భరించాను. లోపల ఏం పెరిగిందో అప్పుడు చూసుకోలేదు.

రెండో రోజుకే ఆ తిండి మా ఆడవారికి సహించలేదు. ఉడికించిన కూరలు, వెన్న, ఉప్పు తగలని అన్నం. వారు తినకుండా లేవడం మస్తాన్ గమనించాడు. మర్నాడు స్టీలు ఫ్లాస్కు ఒకటి కోటు చాటున పట్టుకుని వచ్చాడు. అందులో మిరియాల చారు. ఓడలో పనిచేసే మనవాళ్ళు తమకోసం తమ వంటింట్లో కాచుకున్నది. ప్రయాణికులకు అది పెట్టకూడదు. "ఎవురికీ చెప్పబాకండమ్మా, నా ఉద్యోగం పోతాది" అని నా భార్యతో నవ్వుతూ అన్నాడు. ఆమె కళ్ళు చెమర్చాయి. నేనూ తాగాను. రెండు గిన్నెలు తాగాను. దిగేదాకా ప్రతి రాత్రీ ఆ చారు వచ్చింది.

చివరి సాయంత్రం అతను నన్ను పక్కకు పిలిచాడు. మర్నాడు పొద్దున వారి సూపర్వైజరు వచ్చి మార్కులు అడుగుతాడట. ఆ ఓడల లెక్కలో పదికి పది ఒక్కటే మార్కు. తొమ్మిది పడినా తప్పినట్టేనట. కాంట్రాక్టు ముగియబోతున్నది, మార్కులు బాగుంటే మళ్ళీ పిలిచి పెద్ద హాలులో వేస్తామన్నారట. నేను ఊరికే ఎవరికీ మార్కులు వేయనని చెప్పాను. అతను తడుముకోకుండా, "నాకు తెలీదా సార్. ఊరికే వొద్దు. చేసిందానికే ఏయండి" అన్నాడు.

ఇక్కడ నన్ను నేను ప్రశ్నించుకోవలసిన చోటు వచ్చింది. తెలియక చేశానని చెప్పుకునే వీలు నాకు లేదు. మన లెక్కలో ఆరు అంటే గౌరవమైన మార్కని, వారి లెక్క నాకు తెలియలేదని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. తెలుసు. ముందు సాయంత్రమే అతని నోటి నుంచి విన్నాను.

మర్నాడు సూపర్వైజరు వచ్చినప్పుడు రమణారెడ్డి, "మీరే పెద్దలు, మా అందరి తరఫునా మీరే చెప్పండి" అని సామాన్లు సర్దుకోవడానికి వెళ్ళిపోయాడు. మనలో అది మర్యాద. నలుగురి నోరూ ఒక పెద్ద నోటికి అప్పగిస్తాము. ఆడవారు కూడా వెళ్ళారు. నేనొక్కడినే ఉన్నాను. తిండికి ఐదు అన్నాను. సేవకు ఆరు అన్నాను. సూపర్వైజరు కలవరపడి, ఏమైనా ఇబ్బంది కలిగిందా అని అడిగాడు. నేర్చుకున్న ఇంగ్లీషునంతా కూడగట్టుకుని, వడ్డించేవాడికి చనువు ఎక్కువ, హద్దులు తెలియవు అన్నాను.

ఇంతవరకు రాయగలనని నాకు తెలుసు. ఇంకొకటి ఉంది.

ఆ సూపర్వైజరు వెంటనే వెళ్ళిపోలేదు. ఉదాహరణ ఒకటి చెప్పగలరా అని మర్యాదగా అడిగాడు. చెప్పకుండా ఉండవచ్చు. ఏమీ లేదని లేచిపోవచ్చు. నేను చారు సంగతి చెప్పాను. సిబ్బంది వంటింటి నుంచి ఆహారం తెచ్చి ప్రయాణికులకు పెడుతున్నాడని, ఇది మీ నిబంధనలకు సమ్మతమేనా అని అడిగాను. నిబంధన అనే మాట పలికినప్పుడు నాకు కలిగిన తృప్తి ఇప్పటికీ నాలుక మీద ఉంది. నిజం చెబుతున్నాను, ఆ క్షణంలో నేను క్రమశిక్షణను కాపాడుతున్నాననే అనుకున్నాను. ఒక మనిషి తన పగకు ఎంత శుభ్రమైన బట్టలు తొడగగలడో ఆనాడు తెలిసింది. కాదు, ఆనాడు తెలియలేదు. చాలా తరువాత తెలిసింది.

దిగేటప్పుడు మస్తాన్ మెట్ల దాకా వచ్చి నా భార్య సంచీ మోశాడు. అప్పటికి అతనికి ఏమీ తెలియదు.

ఇక ఊరికి వచ్చాక, ఆ ఓడను మెచ్చుకునే దారి నాకు మిగల్లేదు. సేవ బాగుందంటే ఆరు ఎందుకు వేశావని నా మనసే అడుగుతుంది. అందుకని ఆ ఓడ మొత్తాన్నీ చెడ్డది చేయవలసి వచ్చింది. మొదటి ఓడలోని పులిసిన పెరుగును తియ్యగా వర్ణించవలసి వచ్చింది. సంఘంలో మాట్లాడిన రోజు రమణారెడ్డి, "అదేంది సార్, చారు పోసింది ఆ ఓడలోనే గదా?" అని అందరిలో అడిగాడు. చారు వేరు, వ్యవస్థ వేరు అన్నాను. జనం ఆ మాటను మెచ్చుకున్నారు. ఒక మనిషి మీద చెప్పిన చాడీని నిలబెట్టడానికి మూడు ఓడలను తారుమారు చేశాను. నన్ను నమ్మి మొదటి ఓడ ఎక్కివచ్చినవారు కూడా, పెద్దాయన చెప్పాడు గనుక బాగానే ఉందనుకుని ఊరుకున్నారు.

కొంతకాలం తరువాత కొండాపురంలో ఒక పెళ్ళికి వెళ్ళాను. బంతిలో కూర్చున్నాను. బిర్యానీ బకెట్టు పట్టుకుని వస్తున్నవాడు మస్తాన్. కొంచెం సన్నబడ్డాడు.

"సార్, బాగుండారా? అమ్మ రాలేదా?"

"రాలేదు. నువ్విక్కడేం చేస్తున్నావు?"

"క్యాటరింగులో చేస్తా ఉండా సార్. ఓడ పని పోయింది. ఎవురో చారు సంగతి కంప్లైంట్ చేసినారంట. ఎవురని అడిగితే చెప్పరు వాళ్ళు. మీ పక్క బల్లకాడ ఒక జంట ఉన్నారు చూడండి సార్, మొకం మాడ్చుకోని తినేవాళ్ళు? వాళ్ళే అయ్యుంటారు."

నేను విస్తరి వైపు చూశాను.

"సార్, ఒక్క మాట. మద్రాసులో ఏజెంటు ఒకాయన ఉండాడు. పాత ప్యాసింజర్లు ఎవురన్నా ఫోన్లో ఒక మాట చెప్తే ఇంకో కంపెనీలో చూస్తానంటా ఉండాడు. మీరు హెడ్మాస్టరు గదా. మీ మాటకి విలువుంటది."

"నేను సిఫారసులు చెయ్యను. అది నా నియమం."

"తెల్సు సార్. అడగాలని అడిగినా, అంతే." అతను నవ్వి, బకెట్టు చేయి మార్చుకున్నాడు. "పెరుగుపచ్చడి ఏయించేదా సార్? ఒట్టిదే తింటా ఉండారు."

వేయమన్నాను. తిన్నాను.

ఆ తరువాత మహమ్మారి వచ్చి ప్రపంచంలోని ఓడలన్నీ ఆగిపోయాయి. నాకు ఎంత ఊరట కలిగిందో చెబితే మీరు అసహ్యించుకుంటారు. మస్తాన్ ఎలాగూ ఇంటికి వచ్చేవాడే కదా, నేను చేసింది ఏముంది అనుకున్నాను. లోకమంతా ఊపిరి అందక అల్లాడుతుంటే నేను నా తప్పుకు సాకు దొరికిందని కుదుటపడ్డాను. ఆ సాకు కూడా నిలవలేదు. ఓడలు మళ్ళీ కదిలినప్పుడు పాత పనివారిని పిలిచారు. అతనితో పాటు పనిచేసిన నెల్లూరు కుర్రవాడు వెళ్ళాడు, ఇల్లు కట్టుకున్నాడు. మస్తాన్ ఇప్పుడు ఉదయగిరి బస్టాండు దగ్గర తోపుడుబండి మీద పులావు అమ్ముతున్నాడని విన్నాను. కొత్తవారిని తీసుకునే వయసు అతనికి దాటిపోయింది. ఈనాడు నేను ఫోనెత్తి ఎవరికి ఏమి చెప్పినా ఉపయోగం లేదు. ఉపయోగం లేకుండా పోయేదాకా ఆగి రాస్తున్నానా?

నా భార్య ఇప్పటికీ అప్పుడప్పుడు, "ఆ పిల్లోడు ఎట్టుండాడో" అంటుంది. మొన్న ఉదయం ఆ మాట మళ్ళీ అన్నప్పుడు, ఎందుకో ఆగలేకపోయాను. చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్నది. ఎదురుగా కూర్చుని మొత్తం చెప్పాను. మార్కులు, చారు, పెళ్ళిలో అతను అడిగింది, నేను కాదన్నది. ఆమె చేయి ఆపలేదు. చెప్పడం అయ్యాక చివరి కాయ ఈనె తీసి చేటలో వేసింది.

"ఆ పిల్లోడికి చెప్పినారా?" అని అడిగింది.

"లేదు."

"మరి నాకెందుకు చెప్పినారు?"

చేట తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది. ఆ తరువాత వేళకు అన్నం పెడుతున్నది, అడిగినదానికి బదులిస్తున్నది. ఆ విషయం మాత్రం ఎత్తలేదు.

ఆమె అడిగినదే మీరూ అడగవచ్చు. ఉదయగిరి ఇక్కడికి ఎంతో దూరం కాదు, బస్సులు తిరుగుతూనే ఉన్నాయి. వెళతానని మాట ఇవ్వలేను. నా మాట ఎలాంటిదో మీకు ఇప్పుడు తెలుసు. అయితే ఆమెతో చెప్పిన రోజు నుంచి గుండెలో బరువు కొంత తగ్గింది. ఈ కాగితాలు నింపుతుంటే ఇంకొంత తగ్గుతున్నది. అన్యాయం జరిగినవాడికి ఇందులో ఏమీ దక్కలేదు. తేలికపడింది నేనే. అందుకు సిగ్గుపడుతూనే ఉన్నాను, తేలికపడుతూనే ఉన్నాను.