డిస్కు మీద పసుపు

నిన్న సాయంత్రం అక్క ఫోను చేసింది. వాళ్ళమ్మాయి, అంటే నా మేనకోడలు, తన జీతంతో స్కూటీ కొనుక్కుందట. "రేపు శుక్రవారం, బండికి పూజ. పొద్దున్నే వచ్చీరా తమ్ముడా, నువ్వు రాకపోతే బండి కదలనివ్వను" అంది. ప్రేమగానే అంది పాపం. నాకు మాత్రం పూజ అనే మాట వినగానే ఒళ్ళు మండింది. దేవుడి మీద కాదు నా కోపం, పసుపు కలిపిన కొబ్బరినూనె మీద. ఈ మాట ఎవరితోనైనా అంటే నవ్వుతారు. నవ్వండి, కానీ ముందు మొత్తం వినండి.

పలాసలో టెక్కలి వెళ్ళే రోడ్డు పక్కన నాకో మెకానిక్ షెడ్డు ఉంది. వెనకాల జీడిపప్పు ఫ్యాక్టరీ. జీడిపిక్కలు వేయించే పొగకి కళ్ళు మండుతాయి, అన్నం కూడా అదే వాసన వేస్తుంది. పదకొండేళ్ళ కిందట ఒకరోజు మా బావ, అక్క మొగుడు, ఆ పొగలోంచి నవ్వుకుంటూ దిగాడు. విశాఖలో కొబ్బరికాయలు దించి ఖాళీగా వచ్చే వ్యానులో ఒక ఎర్ర స్పోర్ట్స్ బైకు వేసుకొచ్చాడు. పాతది. నాతో ఒక్క మాట చెప్పకుండా కొనేశాడు. కంచిలి దగ్గర పల్లెలో కొబ్బరి, జీడి తోటలున్న మనిషి, వయసు నలభై రెండు, రోజూ కట్టేది పంచె. ఆ బండి మీద ముందుకి వంగి పడుకున్నట్టు కూచోవాలి. "ఇదెందుకు బావా నీకు?" అంటే, "మండలాఫీసుకి ఎల్తే జనం తిరిగి సూడాల్రా" అన్నాడు.

అతను కొన్నది బండి కాదు, ఎవడో చేసిన పాపాల మూట. చూడ్డానికి బాగుంటుందని పాత యజమాని వెనకచక్రానికి దాని రిమ్ముకి పట్టని లావు టైరు వేశాడు. కుదుపులు తట్టుకునే ముందు షాకులు గట్టిపడాలని స్ప్రింగుల పైన రూపాయి బిళ్ళలు పేర్చాడు, నిజంగానే, విప్పితే గలగలా రాలాయి. హ్యాండిలు బేరింగు అరిగిపోయి నడిమధ్యలో పట్టేస్తోంది. ఇక వెనకచక్రం ఒక దిక్కు చూస్తుంటే ముందుచక్రం ఇంకో దిక్కు చూస్తోంది. అలాంటి బండిని మలుపులో వంచితే అది నీ మాట వినదు, పక్కవాడి పొలంలోకి పోతుంది. తిట్టుకుంటూనే మొదలుపెట్టాను. అయితే చెప్పాలి కదా, మొదలుపెట్టాక నాకే పిచ్చి పట్టింది. స్కూటర్లకి ఆయిలు మార్చీ మార్చీ విసిగిపోయిన చేతులకి చాలా ఏళ్ళకి అసలైన పని దొరికింది.

రెండు నెలల ఆదివారాలన్నీ దానికే పోశాను. లావు టైరు తీసేసి కంపెనీవాడు చెప్పిన సైజు వేశాను. బేరింగు మార్చాను, షాకుల్లో ఆయిలు రెండువైపులా సమంగా కొలిచి పోశాను. చక్రాలకి అటూ ఇటూ నూలుదారం లాగి కట్టి, రెండూ ఒకే గీత మీదకి వచ్చేదాకా వెనక ఇరుసుని వెంట్రుకవాసి చొప్పున జరిపాను. వెనక స్ప్రింగుని ఎక్కేవాడి బరువుకి తగ్గట్టు బిగించాలి. "నీ బరువెంత బావా?" అని అడిగితే, "అరవై అయిదుంటాదేటో" అన్నాడు బొజ్జ లోపలికి లాక్కుని. బండెక్కించి, అది ఎంత దిగిందో టేపు పెట్టి చూస్తే ఎనభైకి తక్కువ లేడు. స్ప్రింగు దగ్గర అబద్ధాలు సాగవు. ఆ రోజు ఇద్దరం కడుపుబ్బ నవ్వాం. అతనితో అలా నవ్వడం అదే ఆఖరు.

చివరి ఆదివారం హైవే మీద కోటబొమ్మాళి దాకా పోయి వచ్చాను. మర్నాడు ఉద్దానం రోడ్లలో, కొబ్బరితోటల మధ్య మలుపుల్లో తిప్పాను. అబ్బ, ఏం బండి! మలుపు వైపు చూస్తే చాలు, తనే వంగేది. రోడ్డు మీద ఇసుక తగిలినా ఒక్కసారి చిన్నగా వణికి మళ్ళీ గీత మీదకి వచ్చేసేది. కొత్త బ్రేకు ప్యాడ్లు రెండు వేళ్ళకే పట్టేవి. ఇంత పని చేయగలిగిన మనిషిని నేనేనా అనిపించింది. గురువారం బండి వాళ్ళింట్లో అప్పగించి, "రేపు తొమ్మిదికి వస్తాను, నేనొచ్చాకే ఎక్కు" అని బావకి చెప్పి వచ్చాను.

అతనికి మండలాఫీసులో ఏదో మీటింగట. ఎనిమిదిన్నరకే పూజ చేయించుకుని బండెక్కేశాడు. నేను ఎదురు వస్తుంటే, ఊరి చివర జీడితోట మలుపులో జనం మూగి ఉన్నారు. కంచెలో ఎర్రబండి, కాలవలో బావ, మోకాలు తిరగకూడని వైపు తిరిగి ఉంది. "బ్రేకు పట్టనేదురా, పట్టనేదురా" అని ఒకటే కేకలు. ఆటోలో సోంపేట ఆసుపత్రికి పంపించి బండి లేపాను. చూద్దును కదా, ముందుచక్రం బ్రేకు డిస్కు అంతా పసుపు! కొబ్బరినూనెలో కలిపి శ్రద్ధగా పూసిన పసుపు. దాని మీద కుంకుమబొట్లు గీతలు గీతలుగా సాగిపోయి ఉన్నాయి. డిస్కుని నొక్కిపట్టాల్సిన ప్యాడ్లు నూనె తాగి జిడ్డోడుతున్నాయి.

వాళ్ళింటి ఆనవాయితీ అది. ఎడ్లబండి రోజుల నుంచీ పూజకి చక్రానికి నూనె, పసుపు రాస్తారు. ఎడ్లబండికి అది మంచిదే, ఇరుసు కిర్రుమనదు. ఇక్కడ ఆ నిగనిగలాడే రేకే బ్రేకని ఎవరికి తెలుసు? మెరుస్తోంది కాబట్టి దానికే ఎక్కువ రాశారు. ఆ ఇంట్లో బొట్టు పెట్టేది కోడలు, అంటే మా అక్క. తల ఎత్తితే ఎదురుగా తనే ఉంది. చెప్పుల్లేకుండా పరిగెత్తుకొచ్చింది. అరచేతులు ఇంకా పసుపుగానే ఉన్నాయి. ఆమె వెనకే అత్తగారు గుండెలు బాదుకుంటూ వచ్చింది. "ఏ సేత్తో బొట్టెట్టినాదో గానీ నా కొడుకు కాలు తీసీసినాది!"

ఆలోచించలేదు. చొక్కా చివర పట్టుకుని డిస్కు గబగబా తుడిచేశాను. "బొట్టుదేటీ నేదత్తా. బ్రేకు నానే సరిగ్గా బిగించనేదు. తప్పు నాది" అన్నాను. అక్క పసుపు చేతులు చీరకి తుడుచుకుంది. పిచ్చిది, దానికి బ్రేకుల సంగతేం తెలుసు, అసలు ఏం జరిగిందో కూడా అర్థమై ఉండదు అనుకున్నాను.

ఆ మాట నన్ను తినేసింది. బావ మోకాలు మళ్ళీ పూర్తిగా వంగలేదు, తోటలోకి కర్రతోనే వెళతాడు. ఏడాదిపాటు నాతో మాట్లాడలేదు. తర్వాత మాట్లాడాడు కానీ, అంతకంటే మాట్లాడకపోవడమే నయం. పెళ్ళికి వెళితే పెళ్ళిలో, దినానికి వెళితే దినంలో, పదిమంది ముందు "మా బావమరిది బ్రేకులు బిగిస్తే సొర్గానికే" అంటాడు. అందరూ నవ్వుతారు, నేనూ పళ్ళికిలించాలి. పెద్ద బళ్ళు నా షెడ్డుకి రావడం మానేశాయి. మళ్ళీ అవే స్కూటర్లు, అదే ఆయిలు. ఆ దారిన ఏ మంచి బైకు చప్పుడు వినిపించినా కడుపు రగిలిపోయేది. ఒక్కోసారి నా పనితనం మీదే తిక్క రేగేది. అంత బాగా సెట్ చేయకపోతే ఆ మనిషి భయపడి నెమ్మదిగా పోయేవాడు కదా! ఎంత మండినా ఒకటే సముదాయింపు: పోనీలే, అక్కకి తెలియదు, అది ప్రశాంతంగా ఉంది.

ఈ పొద్దున ఆరింటికే బయల్దేరాను. సంచిలో బ్రేకు తుడిచే స్ప్రే, నాలుగు గుడ్డలు పెట్టుకున్నాను. ఈసారి ఎలాగైనా చెప్పేయాలి, పిల్ల ప్రాణం కదా, అక్కని పక్కకి పిలిచి బాధపడకుండా నెమ్మదిగా చెప్పాలి. దారి పొడుగునా మాటలు కూర్చుకుంటూనే ఉన్నాను.

వాకిట్లో స్కూటీ నిలబెట్టి ఉంది. అక్క పసుపు గిన్నెతో దాని ముందు కూచుంది. ముందుచక్రం డిస్కుకి పాత తువ్వాలు చుట్టి, జారకుండా దారంతో రెండు ముళ్ళు వేసి ఉంది. నూనె, పసుపు మడ్‌గార్డు మీద మాత్రమే రాస్తోంది, అదీ వేలి కొసతో. నేను సంచి కింద పెట్టాను.

"ఆ గుడ్డేటక్కా?" అన్నాను.

"అక్కడ నూనె తగల్కూడదు కదరా."

"నీకెవరు సెప్పినారు?"

ఆమె తలెత్తలేదు. "ఒకలు సెప్పాలేటి? ఆరోజు నువ్వు సొక్కాతో తుడస్తంటే సూడనేదేటి నాను" అంది, చాలా మెల్లగా.

ఇంతలో అరుగు మీద కాలు చాపుకుని కూచున్న బావ గొంతెత్తాడు. "ఒరే బావమరిదీ! ఆ పిల్ల బండి బ్రేకులు మట్టుకు నువ్వు ముట్టకు నాయనా!" వచ్చిన చుట్టాలంతా ఘొల్లున నవ్వారు. నా మేనకోడలు కూడా నవ్వింది. నేను అక్క వైపు చూశాను. ఇప్పుడైనా ఒక్క మాట అంటుందేమోనని చూశాను. అక్క కుంకుమ భరిణె మూత తీసి, హ్యాండిలుకి బొట్టు పెట్టి, హారతికి అగ్గిపెట్టె ఏదని అడిగింది.

అబద్ధం చెప్పడానికి ఆరోజు నాకు ఒక్క నిమిషం కూడా పట్టలేదు. నిజం చెప్పడానికి మా అక్కకి పదకొండేళ్ళు చాలలేదు.