వేడి కంచం

కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడు. రేపల్లె స్టేషను దగ్గర నా టిఫిన్ హోటలు. తెనాలి బండి దిగినవాళ్లే నా బేరం. ఆయన పోయాక పొయ్యి ఆరనివ్వకుండా నేనే నడుపుతున్నాను. నాకు సంతకం వరకే వచ్చు; నేను చెబుతుంటే మా కోడలు రాస్తోంది.

అప్పట్లో అందరికీ డిస్పోజబుల్ ప్లేట్లే కావాలి, అంటే తిని పారేసేవి. చూడ్డానికి కాగితమే గానీ లోపల ప్లాస్టిక్ పొర ఉంటది, కుళ్లి చావవు. గాలికి లేచి వెనక మురుగు కాలవలో పడేవి. వాన కురిస్తే ఆ కంపు నీళ్లన్నీ పక్కింటి సుగుణమ్మగారి గుమ్మంలోకి. ఆవిడ చర్చి బడిలో పాఠాలు చెప్పి రిటైరైన టీచరమ్మ. ఓర్చుకున్నన్నాళ్లు ఓర్చుకుని, చివరికి మున్సిపాలిటీ ఆయన్ని వెంటబెట్టుకొచ్చింది. ఆ ప్లేట్లు మానకపోతే హోటలుకి తాళం వేస్తానన్నాడాయన. నా బతుకంతా ఆ పొయ్యే గదండీ.

అటక మీది స్టీలు కంచాలు దింపాను. రేపల్లె వచ్చినప్పుడల్లా నా దగ్గరే తినే, పక్కనున్న నగరం అనే ఊరి రైతు ఒకాయన, అందులో ఇడ్లీ పెట్టి ఇస్తే ముట్టుకోలేదు.

"ఎవరు తిన్నదమ్మా ఇది?"

"కడిగాను బాబాయ్."

"కడిగితే ఎంగిలి పోద్దేంటి?"

లేచి వెళ్లిపోయాడు. ఆయన వెనకే ఇంకొందరు. వారం తిరిగేసరికి పిండి మిగిలి పులిసిపోతోంది. ఎంగిలంటే నోటిదేననుకున్నా. ముందు తిన్నది ఎవరో అన్న సంగతి కూడా అందులో ఉందని వాళ్ల చూపుల్లో తెలిసింది.

ఏం చెయ్యాలో తోచక టీచరమ్మ దగ్గరికే పోయాను. తిట్టుద్దనుకున్నా. కంచాలు ఎక్కడ కడుగుతున్నావంది. దొడ్లో అన్నాను.

"దోసె కళ్ల ముందు కాలుద్ది గనక నమ్ముతారు. కడగటం కూడా ముందుకి తే," అంది.

తెచ్చాను. సబ్బుతో తోమి, నీళ్లలో తీసి, ఆఖర్న సలసల కాగే నీళ్ల డేగిశాలో ముంచి పట్టకారుతో పైకి లాగటం, అంతా గల్లాపెట్టె పక్కనే. మొదటి రోజే టీచరమ్మ వచ్చి ముందు బల్ల మీద కూర్చుంది. ఆటో అతను తిని లేచిన కంచం చూపించి, "అదే కడిగి నాకు పెట్టు," అంది. ఆవిర్లు పోతున్న కంచంలో ఇడ్లీ పెట్టాను. అందరూ చూస్తుండగానే తిని, మళ్లీ చట్నీ అడిగింది.

అప్పుడే గుమ్మంలోకొచ్చిన నగరం బాబాయి ఇదంతా చూస్తూ నిలబడ్డాడు. ఆవిడ తిన్న కంచం కాగే నీళ్లలో మునిగి పైకొచ్చింది.

"అదిటివ్వు. వేడిగానే పెట్టు, చల్లారితే వద్దు," అన్నాడు.

"చల్లారితే ఎంగిలి మళ్లీ వచ్చుద్దా బాబాయ్?"

నవ్వి కూర్చున్నాడు. అదెవరు తిన్న కంచమో ఆయనకి తెలుసు.

పార్సిల్ సాంబారు ఇప్పటికీ కవర్లోనే పోతోంది, గిన్నె తెచ్చుకోమంటే నవ్వుతారు. కాలవ మాత్రం పారుతోంది, తాళం పడలేదు. ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్లకి నేను చెప్పేది ఒకటే: వండేది ఎక్కడైనా వండు, కడిగేది మాత్రం జనం ముందు కడుగు. అది నేర్పింది, నా మురుగుని తన గుమ్మంలోంచి ఎత్తిపోసుకున్న మనిషి. రోజూ మొదటి వాయి ఇడ్లీ ఆవిడకే పంపుతాను, స్టీలు కంచంలో.