పెద్దకర్మ ఫ్లెక్సీకి కొమ్ముల ఫాంటు

ఆ రోజుల్లో నా దృష్టిలో అక్షరాలు రెండే రకాలు: కొమ్ముల ఫాంటులో ఉన్నవి, ఇంకా అందులోకి మార్చాల్సినవి. ఏలూరులో ఒక ఫ్లెక్సీ షాపులో డిజైనరుగా కొత్తగా చేరాను. ఆ ఫాంటుకు అసలు పేరు వేరే ఉన్నా షాపులో అందరం కొమ్ముల ఫాంటనే అనేవాళ్ళం. నడుం దగ్గరే బొద్దుగా ఉండే గీత చివరికొచ్చేసరికి ఇంకాస్త విచ్చుకునేది, తలకట్టు మెలేసిన మీసంలా పైకి లేచేది. రొయ్యల మేత బోర్డుకీ, సర్పంచి అభ్యర్థి పేరుకీ భలే నప్పేది. బస్సులో పోయేవాళ్ళు కూడా చదివేసేవారు. నాలుగు మాటలు కలిపి వేస్తే మాత్రం ఒకదాన్నొకటి తోసుకునేవి (ఈ సంగతి నాకు ఆలస్యంగా తెలిసింది).

పంచాయతీ ఎన్నికల ముందు, పెదపాడు వైపు ఒక రైతుగారి పెద్దకర్మకు ఫ్లెక్సీ చేయమని వాళ్ళబ్బాయి వచ్చాడు. అతనిచ్చిన ఫొటోలో ఆయన తెల్లచొక్కా వేసుకుని, నవ్వుతూ నమస్కారం పెడుతున్నారు. అలాంటి ఫొటో చేతికొస్తే నేను ఊరుకుంటానా? ఆయన పేరు కొమ్ముల ఫాంటులో, పసుపు మీద ఎరుపులో దిట్టంగా వేశాను. పేరే చోటంతా ఆక్రమించింది. ‘పెద్దకర్మ’ అన్న మాటనూ తేదీనీ అడుగున సన్నక్షరాల్లో ఎలాగో సర్దాను. వాళ్ళు చూసుకునే తీరికలో లేరు. తీసుకెళ్ళి రోడ్డు మలుపులో కట్టేశారు.

మర్నాడు ఆ దారిన వెళ్తున్న తాడేపల్లిగూడెం మిల్లరుగారు దాన్ని చూశారు. ఆయన రైతుగారికి పాత స్నేహితులు, పోయిన కబురు వారికి చేరలేదు. సర్పంచికి నిలబడ్డారనుకుని, దండా శాలువా కొనుక్కుని తిన్నగా ఇంటికెళ్ళి, “ఎక్కడండీ మన క్యాండిడేటు గారు?” అన్నారట.

కబురు తెలిసి మా ఓనరుగారు బండి తీశారు. “ఎక్కవయ్యా. వాళ్ళు క్షమిస్తే రేపట్నుంచి నీకు షాపులో కుర్చీ ఉంటది. లేదంటే లేదు” అన్నారు. అప్పటికి ఇంట్లో డిజైనరునని చెప్పుకుని నిండా రెండు నెలలు కాలేదు. దారిపొడుగునా చేపల చెరువులే, ఏ ఒక్కటీ నా కంటికి ఆనలేదు.

రైతుగారి భార్య లోపలి గదిలో చాప మీద కూర్చుని ఉన్నారు.

“ఆ పేరు రాసింది మీరేనాండి?”

“నేనేనండి. తప్పయిపోయిందండి.”

ఆవిడ గోడ మీది ఫొటో వైపు తిరిగారు. “సర్పంచికి నిలబడాలని ఆయనకి మహా కోరికండి. ఒకసారి మా మావగారు వద్దన్నారు, ఇంకోసారి నేనే వద్దన్నాను. మొన్న ఆ మిల్లరుగారు తెచ్చిన దండే ఫొటోకి వేశానండి” అన్నారు. తర్వాత, “సంవత్సరీకానికి కూడా ఆ అక్షరాలే వెయ్యండి. కింద మాట మటుకు కాస్త పెద్దది చెయ్యండి. మళ్ళీ ఎవరన్నా వస్తే బాగోదు” అన్నారు. నాకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి, రెండూ మింగాను.

నా కుర్చీ నాకు దక్కింది. ఇప్పుడు నాకే షాపు ఉంది. ఏ ఫాంటు ఎక్కడ వాడాలో, ఎంత ఖాళీ వదలాలో తెలుసు. పెద్దకర్మ ఫ్లెక్సీలు తెలుపు మీద నలుపులో బుద్ధిగా చేసిస్తాను, చూసినవాళ్ళెవరూ పొరబడరు. అయినా ఒక్కోసారి, ఏమీ తెలియకుండా ఒక మనిషి పేరును అంత లావున వేసిన ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే నాకు కొంచెం అసూయగానే ఉంటుంది.